నా ముందరే విప్పు

ఆళ్లగడ్డలో రాతి ఫలకాల మీద చెక్కే అక్షరాలను కంప్యూటర్‌లో కూర్చి ఇస్తుంది ఇందుమతి. మెట్టినింటివాళ్లది సేద్యం. ఆ ఇంటి ఆడవాళ్లలో సొంతంగా పని పెట్టుకున్నది ఆమె ఒక్కతే. వద్దన్నవాళ్లతో ఆమె వాదించలేదు, వాళ్ల మాట విననూ లేదు. శిల్పులు కొలతలు చెబితే అక్షరాలు పేర్చి కాగితం మీద తీసి ఇస్తుంది. దాన్ని రాయి మీద అతికించి వాళ్లు చెక్కుతారు. ఆరేళ్ల పని అంతా ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది.

ఒక సోమవారం పొద్దున అది వెలగలేదు. భర్త జయప్రకాష్ వచ్చి చూశాడు.

"నంద్యాలలో పెద్ద షాపుండాది గదా, అందరూ ఆడికే పోతారు. మా తమ్ముడు మహేష్‌తో పంపిస్తాలే."

"నా పని దాంట్లో ఉండాది. నేనే పోతా."

సీపీయూను పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. ఆ షాపు యజమాని కిరణ్ స్విచ్ రెండుసార్లు నొక్కి చూశాడు.

"బోర్డు కాలిపోయిందక్కా. ఇడ్సిపెట్టి పో, రేపు రా."

"విప్పకుండానే ఎట్ట తెలిసె?"

"పదిహేనేండ్ల నుంచి ఇదే పని చేస్తాండా."

"అట్లయితే నా ముందరే విప్పు. పోయిన బోర్డు నాకే ఇయ్యాల."

కిరణ్ పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "దీని లోపల ఏముంటాదో ఆడోళ్లకు తెలుస్తాదా? నమ్మకం లేకుంటే తీస్కపో."

షాపు నిండా జనం. ఇందుమతికి చెవులు వేడెక్కాయి.

"తెలీదు. అందుకే చూపియ్యమంటాండా" అని సీపీయూ ఎత్తుకుని బయటికి వచ్చేసింది.

రెండో షాపతను అందులో ఏముందో కూడా అడగకుండా, అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించాలన్నాడు. అక్కడా పెట్టలేదు. ఎండ నెత్తికెక్కింది, చేతులు లాగుతున్నాయి. కిరణ్ దగ్గరే పడేసి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. అతని నవ్వు గుర్తొచ్చి ముందుకే నడిచింది.

సందులో ఒక ఇరుకు గది. అందులో యేసురత్నం అనే యాభై ఏళ్ల మనిషి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని పని చేసుకుంటున్నాడు.

"ఏమైందో చెప్తావా అన్నా?" అని అడిగింది.

"విప్పంది ఎట్ట చెప్తానమ్మా? కూచో."

ఆమె ఎదురుగానే మూత తీశాడు. ముందుగా, ఏదీ మార్చలేదని ఆమెకు తెలిసేలా, లోపలి భాగాల మీది నంబర్లు ఒక చీటీ మీద రాసి, సంతకం పెట్టి ఆమెకిచ్చాడు. తర్వాత లోపలికి కరెంటు ఇచ్చే పెట్టెను ఊడదీసి వేరేది తగిలించాడు. తన బల్ల మీది తెరకు కలిపితే అది వెలిగింది.

"బోర్డు బాగుండాది. ఈ పెట్టే పోయింది" అంటూ పాతదాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "నీ పనంతా ఇంకోచోట కూడా కాపీ చేసి పెట్టుకో. నా దగ్గరే చేపియ్యాలని లేదు."

తిరుగు బస్సుకు ఇంకా టైముంది. ఇందుమతి నేరుగా కిరణ్ షాపుకు వెళ్లి, సీపీయూను అతని బల్ల మీద పెట్టింది.

"బోర్డు కాలలేదు. దీన్ని కరెంటుకు తగిలించి చూస్తావా?"

కిరణ్ ముఖం తిప్పుకున్నాడు. "ఒక్కోసారి అట్ల అయితాదిలే అక్కా."

"విప్పి చూసుంటే అట్ల అయ్యేది కాదు."

లాప్‌టాప్ ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మాది కూడా ఈడనే విప్పప్పా, చూస్తాం" అన్నాడు. కిరణ్ ఏదో గొణిగి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

ఇంటికొచ్చాక జయప్రకాష్ అంతా విని, "షాపులో అందరి ముందర గొడవెందుకే?" అన్నాడు.

"ఆయప్ప నవ్వింది అందరి ముందరే గదా" అంది ఇందుమతి. కంప్యూటర్ వెలిగించి, పొద్దున ఆగిపోయిన ఫలకం తెరిచి, మూడో వరుస కూర్చడం మొదలుపెట్టింది.