గోడని అడిగినా ఆగే మాస్టారు

మా స్టాటిస్టిక్స్ మాస్టారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ప్రశ్న అడిగారంటే జవాబు వచ్చేదాకా ఆగుతారు. మనిషిని అడిగినా ఆగుతారు, గోడని అడిగినా ఆగుతారు. గోడ మాట్లాడదని ఆయనకి తెలియక కాదు. దానికీ ఓ అవకాశం ఇవ్వాలి కదా అని ఆయన వాదన.

ఆయన దగ్గర నేను మూడేళ్ళు డిగ్రీ చదువుకున్నాను. స్టాటిస్టిక్స్ సంగతేమో గానీ, నిశ్శబ్దాన్ని భరించడం మాత్రం బాగా వచ్చింది. బోర్డు మీద ప్రశ్న రాసి, సుద్దముక్క బల్లమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ముందు ఫ్యాన్ చప్పుడు వినిపించేది. తర్వాత పక్కవాళ్ళ ఊపిరి వినిపించేది. ఇంకాసేపటికి మన గుండె మనకే వినిపించేది. ఆఖరికి ఎవరో ఒకరు తట్టుకోలేక నోటికొచ్చిన అంకె చెప్పేసేవాళ్ళు. "కాదు. మళ్ళీ చూడు" అని ఆయన మళ్ళీ ఆగేవారు. ఆయన ఆగినా సిలబస్ ఆగదు కాబట్టి ప్రతి సంవత్సరం ఆఖరి రెండు పాఠాలూ ఆదివారాల్లో పడేవి.

ఈ జబ్బు క్లాసు గుమ్మం దగ్గర వదిలేసి వెళ్ళేది కూడా కాదు. ఒకసారి ఫోన్ బిల్లు విషయమై కంపెనీకి ఫోన్ చేశారు. అటునుంచి రికార్డు చేసిన ఆడగొంతు "మీకు ఎలా సహాయపడగలం?" అంది. మనమైతే ఏదో ఒక నంబరు నొక్కుతాం. ఈయన, "చెప్తానమ్మా. ముందు నువ్వు చెప్పు, పొద్దున్నుంచి ఇదే మాట అంటున్నావు, ఏమైనా తిన్నావా?" అని అడిగి ఆగారు.

"క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు" అంది ఆ గొంతు.

"ఫరవాలేదు, నిదానంగా మళ్ళీ అడుగుతాను" అన్నారు మాస్టారు.

ఇంట్లో ఎలా వేగుతున్నారని ఒకరోజు వాళ్ళావిడని అడిగాను. ఆవిడ పడీపడీ నవ్వారు.

"పెళ్ళికి ముందు బస్టాపులో నిలబెట్టి, 'నేను నీకు నచ్చానా?' అని అడిగి ఆగిపోయారమ్మా. నాకేమో సిగ్గు. మూడు బస్సులు వెళ్ళిపోయాయి. నాలుగోది కూడా పోతే ఇంట్లో చంపేస్తారని అవునన్నాను."

"అయితే బస్సు కోసం ఒప్పుకున్నారా?"

"ఇష్టం మొదటి బస్సుకే ఉంది. పైకి చెప్పడానికి నాలుగు బస్సులు పట్టింది."

మాస్టారు ఈ మాటలు విననట్టు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

చదువు మధ్యలో ఆపేసి ఉద్యోగాల్లో పడ్డవాళ్ళ కోసం మా కాలేజీ ఫోన్లోనే చదువుకునే డిగ్రీ ఒకటి మొదలుపెట్టింది. పాఠాలు రికార్డు చేసే గదిలో నాకు ఎడిటింగ్ ఉద్యోగం దొరికింది. కెమెరా తుడిచి, లైటు వేసి, మొదటి లెక్చరరు కోసం చూస్తున్నాను. తలుపు తోసుకుని మా మాస్టారు వచ్చారు. చేతిలో సుద్దముక్క కూడా ఉంది. బోర్డు లేదు సార్ అంటే, ఫరవాలేదు, చేతికి అలవాటు అన్నారు.

"రెండు నాణేలు ఎగరేశాం. రెండూ బొమ్మే పడటానికి అవకాశం ఎంత?" అని కెమెరాని అడిగి ఆగారు.

ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు. నేను కెమెరా ఆపేశాను.

"ఏమైంది సార్, మర్చిపోయారా?"

"లేదమ్మా. ఆలోచించుకుంటున్నారు."

"ఎవరు?"

"పిల్లలు."

నేను గదంతా చూశాను. నేనూ, లైటూ, ఒక విరిగిన కుర్చీ ఉన్నాం.

"ఇక్కడ ఎవరూ లేరు సార్."

"ఇప్పుడు లేరు. చూసేటప్పుడు ఉంటారుగా."

మళ్ళీ కెమెరా వేశాను. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ ఆగడం. తర్వాత కెమెరా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "కాదు, మూడింట ఒకటి కాదు. ఒక్కో నాణేన్నీ విడిగా రాసుకుని మళ్ళీ చూడు." ఆగారు. మెల్లగా మొహం విప్పారింది. "ఆఁ! నాలుగింట ఒకటి. ఇప్పుడు సరిగ్గా చెప్పావు. వెనక బెంచీ, మీకూ అదే వచ్చిందా?"

వెనక బెంచీ జవాబు కోసం కూడా ఆగారు. నాలుగో పాఠానికి వచ్చేసరికి ఇంకా ముదిరింది. "ఎవరక్కడ కబుర్లు?" అని ఆయన కసిరితే నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. చూసినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

ఆన్‌లైన్ చదువులన్నిటికీ పైన ఒక డైరెక్టరుగారు ఉన్నారు. మనిషి మంచివారే గానీ, గ్రాఫు చూపించకపోతే వాన పడుతోందన్నా నమ్మరు. ఆయన ఒకరోజు నన్ను పిలిపించారు.

"ఈ పాఠం నలభై ఏడు నిమిషాలుంది. మాస్టారు మాట్లాడింది పందొమ్మిది నిమిషాలు. మిగతా టైమంతా ఏం చేస్తున్నారమ్మా?"

"ఆగుతున్నారు సార్."

"దేనికోసం?"

"జవాబు కోసం."

"ఎవరి జవాబు?"

ఆయన గ్రాఫు నా వైపు తిప్పారు. మూడో నిమిషంలో మొదటి ఆగుడు దగ్గర సగంమంది జారుకుంటున్నారు. "నెలాఖరులోగా ప్రతి పాఠం ఇరవై నిమిషాల్లోకి రావాలి. లేకపోతే ఈ కోర్సు తీసేసి బయటినుంచి రెడీమేడ్ పాఠాలు కొనేస్తాం" అన్నారు.

కాలేజీలో మామూలు క్లాసులు ఒక్కొక్కటే తగ్గిపోయి, మాస్టారికి మిగిలింది ఈ ఒక్క కోర్సే. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఇది కూడా పోతే ఆ రెండేళ్ళూ స్టాఫ్ రూములో కూర్చుని బీరువాలని ప్రశ్నలు అడుగుతారు, అవి జవాబు చెప్పేదాకా ఆగుతారు.

పరుగున వెళ్ళి చెప్పాను. "సార్, వాళ్ళ ఫోన్లో పాజ్ బటన్ ఉంటుంది. కావాలంటే వాళ్ళే ఆపుకుంటారు. మీరు ఆగక్కర్లేదు."

"బటన్ సంగతి నాకు తెలుసమ్మా. నా ఆగడం మాత్రం తియ్యకు" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. మొండిమనిషి అని తిట్టుకుంటూ వచ్చేశాను.

ఆయన్ని కాపాడాలంటే ఆయనకి చెప్పకుండానే కాపాడాలని తేలిపోయింది. నాలుగు రోజులు కూర్చుని పన్నెండు పాఠాలూ కోసేశాను. ఒక్కో పాఠంలో డెబ్భై ఆరు చోట్ల కత్తెర పడింది. కోశాక చూస్తే మా మాస్టారేనా అనిపించింది. "అవకాశం ఎంత, కాదు, మళ్ళీ చూడు, ఆఁ, సరిగ్గా చెప్పావు, వెనక బెంచీ!" అని గుక్క తిప్పుకోకుండా, రైలు అందుకోవడానికి పరిగెడుతున్నవాడిలా ఉన్నారు. డైరెక్టరుగారు మాత్రం భలే ఉందన్నారు. మాస్టారికి తన పాఠాలు తాను చూసుకునే అలవాటు లేదు. హమ్మయ్య అనుకున్నాను.

వారం తిరక్కుండా పాఠాల కింద ప్రశ్నల పెట్టెలో ఒక మెసేజ్ వచ్చింది. "సార్‌కి మామీద కోపమొచ్చిందా? మేమేం తప్పు చేశాం?" పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేవాళ్ళు పంపారు.

"అలాంటిదేం లేదు. పాఠం మరీ వేగంగా అనిపిస్తే పాజ్ నొక్కండి" అని జవాబిచ్చాను.

"మీరొకసారి రండి మేడం" అని వచ్చింది.

వెళ్ళాను. ఆసుపత్రి వెనక పెద్ద షెడ్డు. వాషింగ్ మిషన్ల హోరు, తడిబట్టల ఆవిరి. భోజనాల గంటలో మిషన్లు ఆపి, ఏడుగురు ఆడవాళ్ళు బట్టల మూటల మీద కూర్చున్నారు. సబ్బుపొడి డబ్బాకి ఒక ఫోను ఆనించి పెట్టారు. పాఠాలు వచ్చే ఫోను ఆ ఒక్కటే, అది సూపర్‌వైజరమ్మది. డైరెక్టరుగారి గ్రాఫులో ఈ ఏడుగురూ కలిసి ఒక్కరు. నేను కోసిన పాఠం పరిగెడుతోంది, వీళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు.

"పాజ్ నొక్కండి!" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఏడుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరిలోకీ పెద్దావిడ, దుప్పట్లు మడతపెట్టే ఆవిడ, వాళ్ళంతా పెద్దక్క అంటారు, ఆవిడే నోరు విప్పింది.

"నాకర్థం కాలేదు, ఆపండే అని ఇంతమందిలో ఎన్నిసార్లు అంటానమ్మా? ఒకసారి అంటాను. రెండోసారి కూడా అంటాను. మూడోసారికి నాకే మొహం చెల్లదు. అర్థమైనట్టు తల ఊపేస్తాను. సారైతే తనే ఆగేవారు. ఎవరూ ఆపమని అడగక్కర్లేకపోయేది."

"నేనూ తల ఊపేదాన్ని" అంది సూపర్‌వైజరమ్మ. మిగతావాళ్ళు నవ్వేశారు. ఒకరి తర్వాత ఒకరు నేనూ అంటే నేనూ అన్నారు.

"కిందటేడు, సార్ పాఠాలు ఇంకా మొదలవకముందు, చదువు మానేద్దామనుకున్నా" అంది పెద్దక్క. "నావల్ల అందరి భోజనాల టైమూ పాడవుతోందని మమ్మల్ని ఇందులో చేర్చుకున్న సార్‌కే ఫోన్ చేశాను. 'నీకు ఒక ప్రశ్న బుర్రకెక్కడానికి ఎంతసేపు పడుతుంది?' అని అడిగి ఊరుకున్నారు. నేను ఆలోచించి, ఓ దుప్పటి మడతపెట్టేంతసేపు సార్ అన్నా. మర్నాడు ఆయనే ఇక్కడికొచ్చారు. నన్ను దుప్పటి మడతపెట్టమని, వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. మూడు దుప్పట్లు మడతపెట్టించారు. ఇరవై రెండు సెకన్లని కాగితం మీద రాసుకుపోయారు."

నేను కోసిపారేసిన ముక్కలన్నీ ఒకే పొడుగు. ఒక్కోటీ ఇరవై రెండు సెకన్లు. విసుగ్గా కోసుకుంటూ పోయానే తప్ప ఎందుకలా ఉన్నాయని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. "ఎందుకు కోశావమ్మా?" అని అడిగి ఆగారు. నేను నేలచూపులు చూశాను. ఆయన ఆగుతూనే ఉన్నారు.

"మిమ్మల్ని తీసేస్తారని భయమేసింది సార్. మీరు రాకపోతే ఆ గదిలో నాకు ఏమీ తోచదు."

"మంచిదమ్మా. ఇక అతికించెయ్" అన్నారు. కాసేపయ్యాక ఆయనే అన్నారు: "క్లాసులో ముఖాలు చూసి ఎంతసేపు ఆగాలో తెలుసుకునేవాణ్ణి. ఇక్కడ ముఖాలు లేవు. అందుకని వాచీ చూసుకుంటున్నాను."

నెలాఖరున పాత పాఠాలన్నీ నలభై ఏడేసి నిమిషాలతో మళ్ళీ పెట్టేసి, డైరెక్టరుగారి గదికి వెళ్ళాను. లాండ్రీ కథంతా చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు.

"జాలిగానే ఉందమ్మా. కానీ ఎవరూ లేని గదిలో ఆగితే ఎవరు చూస్తారు?"

"ఒక్క ప్రశ్న చూడండి సార్" అని తొమ్మిదో పాఠం పెట్టాను.

"సంచిలో మూడు ఎర్ర బంతులు, రెండు నల్ల బంతులు ఉన్నాయి" అన్నారు తెరమీద మాస్టారు. "ఒకటి తీశాం. ఎర్రది వచ్చింది. దాన్ని పక్కన పెట్టేశాం. ఇప్పుడు ఇంకోటి తీస్తే, అదీ ఎర్రదే అయ్యే అవకాశం ఎంత?" చేతులు వెనక్కి కట్టుకుని ఆగారు.

డైరెక్టరుగారు నా వైపు చూశారు. గ్రాఫు వైపు చూశారు. గదిలో ఏసీ చప్పుడు వినిపించింది. ఆయన కుర్చీలో ఇటూ అటూ కదిలారు. ఇక ఉండబట్టలేక, "ఐదింట మూడు" అన్నారు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "కాదు. సంచిలో ఇప్పుడు ఎన్ని మిగిలాయి? మళ్ళీ చూడు."

డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. పెన్సిలు తీసి గ్రాఫు కాగితం వెనక్కి తిప్పి అయిదు సున్నాలు చుట్టారు. ఒకటి కొట్టేశారు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు.

"నాలుగే మిగిలాయి. అందులో ఎర్రవి రెండు. సగం!"

"ఆఁ! సగం. ఇప్పుడు సరిగ్గా చెప్పావు" అన్నారు మాస్టారు.

డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. వెంటనే సర్దుకుని నన్ను అనుమానంగా చూశారు. "నేను ముందు తప్పు చెప్పానని ఈయనకెలా తెలిసింది?"

"అందరూ ముందు ఆ తప్పే చేస్తారట సార్."

"ఊఁ" అని పెన్సిలు దించకుండా తెర వైపు ఇంకాస్త జరిగి కూర్చున్నారు. అప్పటికే మాస్టారు రెండో ప్రశ్న అడిగి ఆగారు. ఇదే సందని గబగబా అడిగేశాను. "అయితే సార్, ఈ కోర్సు ఉంచుతున్నట్టేనా?"

"అబ్బ, ఉండవమ్మా!" అని కసురుకున్నారు డైరెక్టరుగారు. "అంత పెద్దాయన నాకోసం ఆగారు, నువ్వు కాసేపు ఆగలేవూ?"