అక్క గుట్ట

మా అక్క పదకొండేళ్ళు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసింది. ఎవరైనా పాత కళ్ళజోడు తెస్తే యంత్రం దాకా పోయేది కాదు. అద్దాన్ని కిటికీ చువ్వకి ఎదురుగా పట్టుకుని మెల్లగా కదిపేది. చువ్వ ఎంత పక్కకి జరిగితే అద్దానికి అంత పవరు. "అద్దాన్ని కాదే, చువ్వని చూడు" అనేది నాతో.

దుకాణం మూతపడ్డాక ఒక పరిశోధన సంస్థలో చేరింది. అక్కడి పనీ ఇంచుమించు అదే. వందల గెలాక్సీలు గుంపుగా ఉన్నచోట బరువు ఎక్కడెక్కడ ఎంత పోగుపడిందో తెలుసుకోవాలి. ఆ బరువులో చాలా భాగం కంటికి కనపడదు. అయితే గుంపు వెనక, ఇంకా దూరాన ఉన్న గెలాక్సీల వెలుగు ఆ బరువు పక్కనుంచి వస్తూ వంగుతుంది. వాటి ఆకారాలు గుంపు చుట్టూ రవ్వంత సాగుతాయి. ఆ సాగుడు కొలిచి కనపడని బరువుకి పటం గీస్తారు.

ఫొటోలు శుభ్రం చేయడం అక్క వంతు. దగ్గరి నక్షత్రాల మెరుపు చెదిరి పడ్డచోటల్లా చేత్తో గీత గీసి, అక్కడ ఏదీ కొలవకుండా మూసెయ్యాలి. ఆరేళ్ళుగా అదే పని.

పటంలో బరువు గుట్టల్లా కనిపిస్తుంది. ఈసారి పైమూల ఒక కొత్త గుట్ట లేచింది. అక్కడ ఆ గుంపుకి చెందిన గెలాక్సీ ఒక్కటి కూడా లేదు. మొదట చూసింది తనే, ఆఫీసులో అందరికీ తను అక్కే కాబట్టి దానికి 'అక్క గుట్ట' అని పేరు పడిపోయింది. అక్క ఆ పటం ఇంటికి తెచ్చి వంటింటి అలమరకి అంటించింది. తను చేసిన పనిని ఇలా అంటించి పెట్టుకోవడం నేను చూసింది అదే మొదలు.

బుధవారం సాయంత్రానికి పటం పరిశోధన పత్రికకి వెళ్ళాలి. పొద్దున ఆఖరి పరీక్ష. కొలిచిన ప్రతి ఆకారాన్నీ నలభై అయిదు డిగ్రీలు తిప్పి మళ్ళీ పటం గీస్తారు. నిజమైన బరువు వల్ల లేచిన గుట్టలైతే అందులో చదునైపోవాలి. మిగతావన్నీ చదునయ్యాయి. అక్క గుట్ట మాత్రం కదల్లేదు.

"ఒక్కోసారి ఊరికే అలా వస్తుందమ్మా" అన్నారు పెద్దసారు, తనకి తాను సర్దిచెప్పుకుంటున్నట్టు.

"ఊరికే వచ్చింది సరిగ్గా అక్కడే కూర్చుంటుందా సార్? ఒక్క గంట ఇవ్వండి."

అక్క పాత ఫొటోలు తీసింది. ఆ మూల ఒక పెద్ద నక్షత్రం ఉంది. దాని మెరుపు కెమెరాలోనే తిరిగి పడి, కాస్త దూరంగా పలచటి వలయం వేసింది. మూడేళ్ళ కిందట ఎవరో నక్షత్రాన్ని మూసి వలయాన్ని వదిలేశారు. దానిమీద పడ్డ మసక గెలాక్సీలన్నీ సాగినట్టు లెక్కకొచ్చాయి. గీత పక్కన తారీఖు, అక్క పొడి అక్షరాలు.

"నేనే సార్."

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"చువ్వ జరగలేదు సార్. అద్దం మీద మరక."

ఆయన నవ్వారు. "అంటే ఇన్నాళ్ళూ మరకకి మీ పేరు పెట్టుకుని తిరిగామా?"

వలయం మూయగానే గుట్ట పోయింది. పటం ఆ సాయంత్రం వెళ్ళలేదు. అలాంటి నక్షత్రాలు ఇంకా నలభై ఉన్నాయి, అన్నీ మళ్ళీ చూస్తానంది అక్క.

ఇంట్లో నాన్న అడిగారు. "ఏం చేశావే ఇవాళ?"

"ఒక గుట్ట తీసేశాను నాన్నా. చూస్తే అది అసలు లేనే లేదు."

"లేనిదాన్ని తియ్యడానికి అంత దూరం పోవాలా? నీ బల్లమీద ఉన్నవే బోలెడు." తర్వాత అలమర వైపు చూసి గొంతు తగ్గించారు. "మరి దీన్ని చింపెయ్యనా?"

"వద్దు. మిగతాదంతా నిజమే."

అక్క పెన్సిలు తీసుకుని, పైమూల గుట్ట చుట్టూ ఒక గీత గీసింది. వలయం కూడా లోపల పడేలా, ఈసారి కాస్త పెద్దగానే.