సూది వద్దన్న అర్జునుడు

మొన్న తిరుపతిలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అరవై దాటాక నోట్లో ఏదో ఒకటి రిపేరుకొస్తూనే ఉంది. నాకంటే ముందు ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. బుర్రమీసాలు, వేళ్ళనిండా ఉంగరాలు, అరగంట నుంచీ ఫోనులో ఎవరినో గద్దిస్తున్నాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి ఆయన్ని పిలిచి, మామూలు ఇంజక్షనా, సూది లేకుండా మొద్దుబార్చే పద్ధతా, రెండోదానికి కొంచెం ఎక్కువవుతుంది అని అడిగింది. అంతసేపూ గదంతా మోగిన గొంతు ఎటు పోయిందో, ఆయన అటూ ఇటూ చూసి బల్ల మీదికి వంగి ఏదో గొణిగాడు. ఆ పిల్లకు వినబడక, "సూది లేనిదా సార్?" అని గట్టిగా అడిగింది. పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే మా నాయన గుర్తొచ్చాడు.

మాది పాకాల పక్కన చిన్న పల్లె. నాయన చెరుకు పండించి బెల్లం వండేవాడు. పెనంలో పాకం ఎంతవరకు వచ్చిందో చూసే నెపంతో రోజూ నాలుగైదుసార్లు వేలికి చుట్టుకుని నోట్లో వేసుకునేవాడు, ఆ ముచ్చటే చివరికి ఆయన దవడ పన్నును తినేసింది. ఏడాది పొడుగునా ఆయన రైతే. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి ముందు భారతం జరిగే పద్దెనిమిది రోజులు మాత్రం అర్జునుడు. మా వైపు భారతమంటే మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం, నడుమ ఒక పగలు అర్జున తపస్సు. గుడి ముందు మైదానంలో తాటిచెట్టంత మాను నాటి, దానికి మెట్లుగా అడ్డకర్రలు కొడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టుకొక పద్యం పాడుతూ పైకెక్కి, శివుడికి పూజ చేసి, నిమ్మకాయలూ విభూదీ పూలూ కిందికి విసురుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. ఆ వేషం మా తాత నుంచి నాయనకు వచ్చింది. మాను ఎక్కేవాడికి భయమన్నది తెలియదని ఊరంతా నమ్మేది. నేనూ నమ్మేదాన్ని. చిత్తూరు కాలేజీ హాస్టల్లో నా గదిలోని పిల్లలకు మా నాయన సంగతి ఎన్నిసార్లు చెప్పానో, నేను నోరు తెరిస్తే వాళ్ళు దుప్పటి ముసుగేసుకునేవాళ్ళు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, భారతం ఇంకా మూడు వారాలుందనగా, నాయన బస్సు దిగి నేరుగా హాస్టలుకు వచ్చాడు. దవడ బూరెలా ఉబ్బి ఉంది, తలచుట్టూ తువ్వాలు కట్టుకున్నాడు. పద్యం పాడాల్సిన నోరు పూర్తిగా తెరుచుకోవడమే లేదు. కోర్టు వీధిలో కొత్తగా పెట్టిన పంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. వేలూరు వైపు నుంచి వచ్చిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. పన్ను కదులుతూనే ఉంది, పీకేస్తే సరిపోతుందని చెప్పి సూది చేతికి తీసుకున్నాడు. అంతే, నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. డాక్టరు సూది పక్కన పెట్టి, అల్మారాలోంచి ఒక గాజు సీసా తీశాడు. "ఇది మద్రాసు నుంచి తెప్పించేది. పంటి చిగురు మీద కొడితే చల్లగా మొద్దుబారిపోతాది, సూది అక్కర్లేదు. పది రూపాయలు ఎక్కువవతాది. కానీ ఒక్క నిమిషమే పని చేస్తాది, ఆ తర్వాత నొప్పి మీరే పడాల," అన్నాడు.

"ఆ నొప్పి నేను పడతా సారూ. అదే కానీండి," అని నాయన మళ్ళీ కూర్చున్నాడు. పది రూపాయలంటే అప్పట్లో మాటలు కాదు, పైగా ఆయన టీ తాగడానికే వెనకా ముందూ ఆలోచించే మనిషి. డాక్టరు చెప్పినట్టే ఆ మందు ఒక్క నిమిషంలో కరిగిపోయింది, పన్ను మాత్రం అంత తొందరగా ఊడిరాలేదు. నాయన కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నా కిక్కురుమనలేదు. నొప్పికి జంకని మనిషి సూదికి జంకడమేమిటో నాకు అంతుపట్టలేదు. బస్టాండుకు నడుస్తూ అడిగితే, చిన్నప్పుడు టీకాలవాళ్ళు వస్తున్నారంటే గానుగ గుంతలో దాక్కునేవాడినని, అప్పటి వణుకు ఇంకా పోలేదని, దూది కుక్కుకున్న నోటితో ముద్దముద్దగా చెప్పాడు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు సిగ్గేసింది. హాస్టల్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.

నేను దాచిన సంగతిని మా అమ్మ ఊరంతా పంచిపెట్టింది. ఆమె ఉద్దేశం గొప్ప చెప్పుకోవడమే. మా ఇంటాయనకు మద్రాసు మందు కొట్టి పన్ను పీకినారు, అందరికీ వేసే సూది కాదు, దానికి వేరే డబ్బు కట్టినాము అని నీళ్ళ దగ్గర చెప్పుకుంది. ఊళ్ళో ఇంకెవరికీ జరగని వైద్యం తన మొగుడికి జరిగిందని ఆమె మురిపెం. విన్నవాళ్ళు రెండు రోజులు మెచ్చుకున్నారు. మూడో రోజున ఎవరికో అనుమానం వచ్చింది, అందరికీ వేసే సూదిని వద్దని వేరే డబ్బు కట్టి మరీ ఎందుకు తప్పించుకున్నట్టు? అక్కడి నుంచి మాట పెరిగింది. అర్జునుడికి సూదంటే భయమట, భయమున్నవాడు మాను ఎక్కితే కింద పడుకున్న ఆడవాళ్ళ మొక్కులు ఏం కావాలి అని గుసగుసలు మొదలయ్యాయి. గుడి ధర్మకర్త మాకు పెదనాయన వరస. ఆయన అల్లుడు ఆ వేషం కోసం రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు, మంచి గొంతు, మంచి వయసు. దీక్ష కంకణం కట్టే ముందు నాయనను చావడికి రమ్మని పెదనాయన కబురు పంపాడు. సెలవులకు ఇంటికి వచ్చి ఉన్న నేనూ అమ్మతో కలిసి వెళ్ళాను.

చావడిలో పాతికమంది దాకా ఉన్నారు. సూది ఎందుకు వద్దన్నావని పెదనాయన మెత్తగానే అడిగాడు. నాయన నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. సూది వేస్తే పెదవులు పది రోజులు తిమ్మిరెక్కి పద్యం పలకదని డాక్టరే చెప్పాడని, దేవుడి పని చెడకూడదనే అంత డబ్బు పోశామని, ఎప్పుడు అల్లిందో గానీ తడబడకుండా చెప్పేసింది. వినడానికి ఎంత బాగుందంటే పెదనాయన ముఖం తేటపడింది, ఇద్దరు ముగ్గురు తలలూపారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. అక్కడితో ఊరుకుంటే వేషం నాయనదే.

నాయన లేచి నిలబడ్డాడు. "అదంతా కాదన్నా. మా ఇంటామె నా పరువు కోసరం సెప్తాండాది. నాకు సూదంటే బయమే. సిన్నప్పట్నించీ బయమే," అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆయన అటు తిరగలేదు. "సూది ఒకటే కాదు, మానన్నా బయమే. ప్రతి యేడూ సగం ఎక్కేటప్పటికి కాళ్ళు వణకతాయి. బయం లేనోడే కావల్లంటే ఇంకోణ్ణి ఎతుక్కోండి, నేనేమీ అనుకోను. కింద ఆడబిడ్డలు తడిగుడ్డలతో మట్టిలో పండుకోని ఉంటారు, వాళ్ళను సూసి ఎక్కతాండా. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు."

అమ్మ తల వంచుకుంది. ఎప్పుడూ చావడి మెట్లెక్కని ముప్పై దాటిన ఒకామె బయట గోడవార నిలబడి ఉంది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు లేక, ఆ ఏడు మాను కింద పడుకుంటానని మొక్కుకున్న మనిషి. అక్కడి నుంచే పెదనాయనతో, "మామా, ఆయన్నే ఎక్కనీ," అంది. పెదనాయన కండువా దులిపి భుజాన వేసుకుంటూ నాయన వైపు చూసి, "నోరు బాగయ్యిందా? పద్యం పలకతాదా?" అని అడిగాడు. పలుకుతుందన్నాడు నాయన. "అయితే శుక్రవారం పొద్దున్నే తలకు పోసుకోని రా," అన్నాడు పెదనాయన. అల్లుడి ముఖం చిన్నబోయిందిగానీ, ఆ ఏడు కట్టిన కిరాత వేషంలో శివుడిగా నాయనతో బాగానే కలియబడ్డాడు.

తపస్సు రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా ఆ రోజు మొదటిసారి నేను నాయన కాళ్ళను చూశాను. అంతకు ముందెప్పుడూ కిరీటాన్నే చూసేదాన్ని, గొంతునే వినేదాన్ని. ఇరవయ్యో మెట్టు దగ్గర మోకాళ్ళు నిజంగానే వణికాయి, గజ్జెలు తాళం తప్పి గలగలమన్నాయి. ఆయన ఆగి, మానును వాటేసుకుని కిందికి చూశాడు. తడిచీరలతో మట్టిలో వరసగా పడుకున్న ఆడవాళ్ళు కదలలేదు. తర్వాతి పద్యం ఎత్తుకుని ఇంకో మెట్టు ఎక్కాడు. నా పక్కన నిలబడిన పొరుగూరి ఆమె నా చెయ్యి తట్టి, మీ నాయనకు బయమంట కదా పాపా అని అడిగింది. "అవునక్కా, శానా బయం," అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు ఎంత పెద్దదయిందంటే ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అంత గర్వం నాకు ఆ తర్వాత డిగ్రీలో మెడల్ తీసుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఆ తర్వాత నాయన ఇంకా తొమ్మిదేళ్ళు ఆ మాను ఎక్కాడు. ఏ ఏడు ఎండ ఎక్కువో, ఏ ఏడు గాలి కొట్టిందో నా జ్ఞాపకంలో ఇప్పుడు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చావడిలో ఆయన నిలబడి మాట్లాడిన ఆ రెండు నిమిషాలు మాత్రం ఏటికేడు పెరుగుతూనే ఉన్నాయి.