కీపర్ని మార్చమని అరిచిన శుక్రవారం

మా కాలేజీ జట్టు ఓడిపోవడం చూడటానికి నేను ప్రతి శుక్రవారం వెళ్ళేదాన్ని. గెలుస్తుందని వెళ్ళానంటే అబద్ధమే అవుతుంది. మొదటి ఏడు ఆశగా వెళ్ళాను. రెండో ఏడు కోపంగా వెళ్ళాను. మూడో ఏడు వచ్చేసరికి మడత కుర్చీ వేసుకుని కూర్చోవడం ఒక్కటే మిగిలింది. గోల్ పడితే పక్కవాళ్ళు తల పట్టుకునేవారు. నేను ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకునేదాన్ని.

దోహాలో ఎండలు తగ్గగానే కాలేజీల పూర్వ విద్యార్థుల ఫుట్‌బాల్ పోటీలు మొదలవుతాయి. నడిపేది మలయాళీలు. ఒక్కో కాలేజీకి ఒక్కో జట్టు, ఒక్కో రంగు బనీను, డప్పులు, గోల. మన తెలుగువాళ్ళకి ఇక్కడ క్రికెట్ జట్లు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి కానీ, ఫుట్‌బాల్‌లో మాత్రం మాదొక్కటే. గోదావరి జిల్లాలో ఉన్న మా ఇంజనీరింగు కాలేజీలో ఒకప్పుడు ఆ ఆటంటే ప్రాణం పెట్టేవారు. అమ్మాయిల హాస్టల్ మేడ మీంచి గ్రౌండు మొత్తం కనబడేది. పరీక్షలున్నా సరే, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆటే చూసేదాన్ని. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో నాకు ఎవరూ నేర్పలేదు, అక్కడ కూర్చుని చూస్తూ చూస్తూ తెలుసుకున్నాను.

ఇక్కడి జట్టుకి కోచ్ మా ఆయన. కాలేజీలో నాకు సీనియరు, లెఫ్ట్ బ్యాక్ ఆడేవారు. మేడ మీంచి నేను చూసినవాళ్ళలో ఆయనేం పెద్ద ఆటగాడు కాదు కానీ, పడినా దులుపుకుని లేచి మళ్ళీ పరిగెత్తేవారు. నాకది నచ్చింది. ఆడించడం వేరే విద్య అని అప్పుడు నాకేం తెలుసు?

కొత్తగా ఎవరైనా జట్టులోకి వస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఏ బ్యాచ్?" ఎక్కడ ఆడతావు, కుడి కాలా ఎడమ కాలా, అవన్నీ తర్వాత. బ్యాచ్ చెబితే చాలు, మనిషి ఆడతాడో బెంచీ మీద కూర్చుంటాడో తేలిపోయేది. సీనియర్లు ముందు దిగాలి. జూనియర్లు నీళ్ళ సీసాలు అందిస్తూ తమ వంతు కోసం చూడాలి. మా హాస్టల్లో స్నానాల గది ముందు బకెట్లు పెట్టే వరస ఇదే. అంత దూరం నుంచి దాన్ని భద్రంగా ఖతార్ దాకా మోసుకొచ్చారు. "పెద్దవాణ్ణి కూర్చోబెట్టి చిన్నవాణ్ణి దింపితే ఏం మర్యాదగా ఉంటుంది?" అనేవారు. అవతలి జట్టుకి ఈ మర్యాదలేవీ లేవు. వాళ్ళు ఆట వచ్చినవాళ్ళని దింపేవారు, గోల్స్ వేసి వెళ్ళిపోయేవారు.

మా గోల్ కీపర్ హాస్టల్లో మా ఆయన రూమ్మేటు. బంగారం లాంటి మనిషి. నాకు ఆపరేషన్ అయినప్పుడు రోజూ క్యారేజీ తెచ్చి ఇచ్చారు. కానీ మోకాళ్ళు పోయి ఏళ్ళయింది. నేల మీద దొర్లుకుంటూ వచ్చే బంతి కోసం ఆయన వంగేలోపే అది లోపలికి వెళ్ళి, వలకి తగిలి, హాయిగా ఆగేది. ఇక మా జట్టులో నిజంగా గోల్ వేయగలిగినవాడు ఒకడున్నాడు. సొంతూరు జగిత్యాల వైపు, ఉండేది దుఖాన్‌లో కంపెనీ క్వార్టర్సులో. ప్రతి శుక్రవారం ఆ ఎడారి రోడ్డంతా నడుపుకుంటూ వచ్చేవాడు. అతని బ్యాచ్ అందరికంటే చివరిది. అందుకని వచ్చి, బూట్లు కట్టుకుని, బెంచీ మీద కూర్చునేవాడు. ఓడిపోవడం ఖాయమయ్యాక చివర్లో కాసేపు దింపేవారు.

ఇదంతా తప్పని అందరికీ తెలుసు. మా ఆయనకి చెప్పేవాళ్ళే లేరు. మా కాలేజీలో సీనియర్‌కి ఎదురు చెప్పడమనేది లేదు. చెప్పాల్సిందేమైనా ఉంటే వాళ్ళావిడకి చెబుతారు. నేనూ అదే కాలేజీలో చదివాను, వీళ్ళలో సగంమందికి నేనూ సీనియర్నే. అయినా ఒక్కరూ నన్ను అక్కా అనరు, వదినా అనే అంటారు. వదినంటే వాళ్ళ దృష్టిలో అన్నగారి చెవి.

"మీరు కాస్త చెప్పండి వదినా. మేం చెబితే బాగోదు." విరామంలో నారింజ తొనలు పంచుతుంటే చెవిలో పడే మాట ఇది. గుళ్ళో కూడా వదిలేవారు కాదు. మెసైమీర్‌లో ఇక్కడి సెలవురోజు శుక్రవారమే జరిగే చర్చి ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే ఒకరు వచ్చి, ప్రసంగం బాగుందని మొదలుపెట్టి, మిడ్‌ఫీల్డు దగ్గర తేలేవారు.

దుఖాన్ అతను ఒకరోజు కారు దగ్గర నిలబడి అన్నాడు. "వదినా, గంటకు పైన బండి తోలుకుంట వస్త. బూట్లు గట్టుకోని కూసుంట, మల్ల ఇప్పుకోని పోత. మా ఇంట్లామె నవ్వవట్టింది. అన్నకు మీరన్న జర చెప్పున్రి."

ఆఖరికి కీపర్‌గారు కూడా వచ్చారు. "వాడితో నువ్వైనా చెప్పమ్మా. నావల్ల కావట్లేదు. తప్పుకుంటానని నేనే అంటే వాడు నొచ్చుకుంటాడు."

ఆ రోజు నవ్వు రావలసింది. రాలేదు. నేను అల్ సద్‌లో ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుంటాను. డాక్టరు ఆలస్యంగా వచ్చినా, ఇన్సూరెన్సు వాళ్ళు కాదన్నా, కుర్చీలు చాలకపోయినా తిట్లు నాకే. అరబీలో, హిందీలో, ఇంగ్లీషులో వింటాను. మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు, చూస్తాను అంటూ తల ఊపడం నా డ్యూటీ. అదే తల శుక్రవారం కూడా ఊపేదాన్ని. ఎన్ని ఫిర్యాదులు విన్నా లోపల ఏదీ కదలని స్థితికి ఎప్పుడు వచ్చానో నాకే తెలియదు.

ఇంటికి వెళ్ళి చెప్పేదాన్నా అంటే, లేదు. కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం ఆఫీసులో మా ఆయనకి పై అధికారిగా, ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. అప్పట్నించి ఆయన ఇంటికి వచ్చి షూ విప్పి సోఫాలో కూర్చునేవారు, అంతే. ఆదివారం నుంచి బుధవారం దాకా మా ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడేది. గురువారం సాయంత్రం మాత్రం భోజనం కాగానే ఆయనే బల్ల తుడిచి, ఇక్కడి మజ్జిగ సీసాల మూతలు పరిచేవారు. ఎర్రవి మనవాళ్ళు, నీలంవి అవతలివాళ్ళు. ఎవరు ఎటు కదలాలో నాకు చెప్పేవారు. ఎర్ర మూతలన్నీ మన గోల్ ముందే గుంపుగా ఉండేవి.

"అందరూ ఇక్కడే ఉంటే గోల్ ఎవరు వేస్తారండీ?" అని ఒకసారి అడిగాను.

"ముందు మనకి పడకుండా చూసుకోవాలి కదా," అన్నారు, ఎంతో ఓపిగ్గా.

మర్నాడు పడ్డాయి. అది వేరే సంగతి. కానీ ఆ గురువారాల్లో ఆయన గొంతులో నేను పెళ్ళి చేసుకున్న మనిషి వినబడేవాడు. ఆ మూతలు కూడా లాగేసుకుంటే ఇంక ఆయనకి ఏముంటుంది? జట్టు పోతే పోయింది, దాంతోపాటు మనిషి పోతాడేమోనని నా భయం. అందుకే వదినని నమ్ముకున్నవాళ్ళందరి మాటలూ నా దగ్గరే ఆగిపోయాయి. అభిమానిగా మాత్రం ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత అదీ మండడం మానేసింది.

డిసెంబరు మొదట్లో ఒక మ్యాచ్. పట్టికలో మాతోపాటు అడుగున కొట్టుకుంటున్న ఇంకో కాలేజీతో. ఇదొక్కటైనా గెలవొచ్చని అందరూ వచ్చారు. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోల్ లేదు. మా వాళ్ళు అప్పుడే గెలిచినంత సంబరపడ్డారు. విరామం తర్వాత కీపర్‌గారు ఒక బంతిని ఆపబోయి కాలు జారి కూలబడ్డారు. గోల్‌పోస్టు పట్టుకుని లేచి, తొడ పట్టుకుని, కుంటుతూ నాలుగడుగులు వేశారు. మా ఆయన వైపు చూసి బొటనవేలు పైకెత్తి చూపించారు. మా ఆయనా బొటనవేలు ఎత్తారు. బెంచీ మీద రెండో కీపర్ గ్లవుజులు తొడుక్కుని లేచి నిలబడ్డాడు. ఆయన అటు చూడలేదు.

"చూస్తున్నారా వదినా?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఇప్పుడైనా చెప్పండి వదినా," అన్నారు ఇంకెవరో.

నేను ఎప్పుడు లేచానో గుర్తులేదు. లైను దాకా వెళ్ళి నిలబడ్డాను. "కీపర్ని మార్చండీ! నడవలేకపోతున్నారు, మీకు కనబడట్లేదా? ఆ దుఖాన్ అతన్నైనా దింపండి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కోపంతో అరవలేదు. కోపం వస్తే బాగానే ఉండేది. వేడి గిన్నె తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చినట్టు, మాట దానంతటదే వచ్చింది.

అవతలివాళ్ళ డప్పు కూడా ఒక్క క్షణం ఆగింది. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. మళ్ళీ గ్రౌండు వైపు తిరిగి చేతులు కట్టుకున్నారు. ఎవర్నీ మార్చలేదు. రెండు గోల్స్ పడ్డాయి, రెండూ నేల మీద దొర్లుకుంటూ వచ్చినవే. దుఖాన్ అతనికి ఆ రోజు చివరి కాసేపు కూడా దక్కలేదు.

ఆట అయ్యాక అలవాటు ప్రకారం అందరం కార్ల దగ్గర టీకి గుమిగూడాం. మా ఆయన మెడలోని విజిల్ తీసి మా కారు బానెట్ మీద పెట్టారు.

"నా కోచింగ్ నచ్చనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. నొచ్చుకోను. ఈ రోజే తప్పుకుంటాను," అన్నారు.

అందరూ నీళ్ళు నమిలారు. నేను ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా ఒక్కరు, ఒక్క ముక్క అంటే చాలనుకున్నాను.

"ఛ, అవేం మాటలన్నా!" అన్నాడు ఒకతను. గుళ్ళో నన్ను పట్టుకున్నది అతనే.

"నువ్వు లేకపోతే టీమెక్కడిదిరా?" అన్నారు కీపర్‌గారు, తొడ రుద్దుకుంటూ. "నాకేం కాలేదు, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది."

మా ఆయన దుఖాన్ అతని వైపు చూశారు. అతను ఒకసారి నన్ను చూశాడు. తర్వాత కాగితం గ్లాసులోకి చూస్తూ, "మీరే ఉండాలె అన్నా. మీరు లేకుంటె ఎట్ల?" అన్నాడు.

అప్పుడు మా ఆయన నా వైపు తిరిగారు. "విన్నావుగా? నీకు తప్ప ఎవరికీ ఇబ్బంది లేదు," అన్నారు, అందరి ముందూ.

నోరు తెరిస్తే చాలు. మూడేళ్ళుగా ఎవరెవరు ఎక్కడెక్కడ ఏమన్నారో ఒక్కటీ మరిచిపోలేదు. కానీ ఆ గుంపులో అందరూ తలలు దించుకుని ఉన్నారు. ఆయన ఒక్కరే తల ఎత్తుకుని ఉన్నారు. నేను చెబితే ఆ క్షణంలో ఆయన అందరినీ పోగొట్టుకుంటారు. చెప్పకపోతే నన్నొక్కదాన్నే కదా అనుకున్నాను. ఖాళీ గ్లాసులు ఏరి సంచిలో వేశాను. ఎవరో విజిల్ తీసుకెళ్ళి ఆయన మెడలో వేశారు. చప్పట్లు కూడా కొట్టారు.

దారిలో ఒక సిగ్నల్ దగ్గర ఆగాక ఆయన, ముందున్న బస్సునే చూస్తూ అన్నారు.

"వాళ్ళంతా ఏమనుకుంటున్నారో నాకు తెలీదనుకున్నావా? రెండేళ్ళుగా తెలుసు. పోనీలే, నువ్వొక్కదానివైనా నా వైపు కూర్చుంటున్నావు అనుకునేవాణ్ణి."

నాకు ఏడుపు రాలేదు. పచ్చ లైటు పడింది, కారు కదిలింది. ఇంటికి వెళ్ళి ఉప్మా చేశాను, ఇద్దరం తిన్నాం.

ఆ వారం ఆయన మామూలుగానే ఉన్నారు. పోట్లాట లేదు. గురువారం భోజనం కాగానే మూతల డబ్బా తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. లోపల మూతలు నేల మీద జరుగుతున్న చప్పుడు వినబడుతుంటే నేను బల్ల తుడిచాను.

శుక్రవారం గుడి నుంచి ఎప్పుడూ నేరుగా గ్రౌండుకే వెళ్ళేవాళ్ళం. ఆ రోజు కూడా వెనక సీట్లో బంతుల వల, నీళ్ళ క్యాన్లు, నా మడత కుర్చీ ఉన్నాయి. మెసైమీర్ దాటాక ఆయన కారుని మా ఇంటి వైపు తిప్పారు. ఏదో మరిచిపోయారేమో అనుకున్నాను. బిల్డింగు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే, "ఎండ ఎక్కువగా ఉంది. నువ్వు పైకెళ్ళి పడుకో," అన్నారు.

గొంతులో కోపం లేదు. నిజంగా నా గురించే అన్నట్టు అన్నారు. డిసెంబరు నెల, మబ్బు పట్టి ఉంది, నేను స్వెటర్ వేసుకుని ఉన్నాను. సరేనండీ అని దిగిపోయాను.