అద్దంలాంటి వాలు

ఆ కాలంలో మా జగ్గయ్యపేట వైపు రాయి పనివాడి గొప్పంతా నునుపులోనే ఉండేది. నాపరాయిని ఎవడెంత నున్నగా సానపడితే వాడంత మొనగాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. చదువు ఐదో క్లాసుతో ఆగింది (ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడు రోజులు పట్టింది, తప్పులుంటే మన్నించండి). కానీ నేను సానపట్టిన బండలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని మా వాళ్లు అనేవాళ్లు. ఆ మాట వినీ వినీ నా బుర్ర కూడా కొంచెం నున్నబడి ఉంటుంది.

మా మేస్త్రి నాకు సొంత మేనమామ. క్వారీలో బండ పడి ఎడమకాలు పోయాక చంకకర్రతో నడిచేవాడు. క్వారీ కాగితాల పని మీద ఇద్దరం నందిగామ తాలూకా ఆఫీసుకి వెళ్లేవాళ్లం. ఆ ఆఫీసు మెట్లు ఒక్కోటి మోకాలెత్తు. మావయ్య ప్రతిసారీ బయట గోడ నీడన కూర్చుని, "లోపల గాలాడదురా, నువ్వెళ్లి ఇచ్చిరా" అనేవాడు. మనిషికి గాలి పిచ్చి కాబోలనుకునేవాణ్ణి.

అలా ఉండగా మద్రాసు నుంచి ఒక ఇంజనీరు గారొచ్చారు. ఏదో పరాయి దేశం వాళ్లు అక్కడ తమ రాయబార ఆఫీసు కొత్తగా కట్టుకుంటున్నారట. నీలం కాగితం బండ మీద పరిచి చూపించారు. గోడలన్నీ అద్దాలే. గడప లేదు. గడప లేని ఆఫీసేంటండీ అని మావయ్య అడిగితే, ఎవరి కాలికీ తగలకూడదని తీసేశామన్నారు. ముందు ఆరు మెట్లు, వాటి పక్కనే ముప్పై ఆరడుగుల వాలుదారి. ఆ రెండూ ముందు మా దొడ్లోనే పేర్చి చూపించాలి. నచ్చితే రాయంతా మా దగ్గరే తీసుకుంటారు, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటారు. ఆ పని దక్కితే మా మనుషులందరికీ ఏడాది తిండి. వాలు రాళ్లు మాత్రం గరుకుగా ఉంచమని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లారు.

మావయ్య వాలు పని నా చేతికిచ్చాడు. నాకేమో ఆ గరుకు మింగుడుపడలేదు. దొరలు నడిచే దారి గరుకుగా ఉంటే జగ్గయ్యపేట పరువేం కావాలి? కూలి మిగుల్చుకోవడానికే అలా చెప్పారని నాకు నేనే తేల్చేసుకున్నాను. మావయ్య మెట్ల పనిలో ఉండగా పన్నెండు రోజులు అరచేతులు బొబ్బలెక్కేలా సానపట్టి, ఎవరి కంటా పడకుండా గోనెలు కప్పి ఉంచాను.

చూపించే రోజు గోనెలు తీసి, మెరుపు తేలాలని నాలుగు బిందెల నీళ్లు కూడా పోశాను (ఆ నీళ్లు పోసిన చేతుల్ని ఇప్పటికీ తిట్టుకుంటాను). ఇంజనీరు గారు తోలు బూట్లతో సగం దాకా ఎక్కారు. అక్కణ్ణుంచి, నెత్తిన టోపీ చెదరకుండా, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కిందిదాకా వచ్చేశారు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. మావయ్య మొహం సున్నమైపోయింది.

ఇంజనీరు గారు లేచి, ప్యాంటు దులుపుకుని, నన్ను పిలిచారు.

"ఈ దారి ఎవరికనుకున్నావయ్యా?"

"దొరలకండి."

ఆయన మావయ్య చంకకర్ర వైపు చూశారు. "అదిగో, ఆయనలాంటి దొరలకి. నాలుగు రోజుల్లో మళ్లీ వస్తా. ఎవరూ పట్టుకోకుండా ఆయన ఎక్కితే పని మీది."

ఆ నాలుగు రోజులూ తిరగలికి గంట్లు పెట్టినట్టు బండబండకీ ఉలితో గంట్లు పెట్టాను. రాతిలో కనబడే నా మొహాన్ని నా చేత్తోనే చెరుపుకుంటూ పోయాను. నందిగామ మెట్లు, గోడ నీడ, గాలి సంగతి అప్పటికి గాని నాకు వెలగలేదు. మావయ్య పక్కన కూర్చుని చూస్తున్నా తలెత్తలేకపోయాను. ఆయన మాత్రం, "దువ్వెన ఇంక జేబులో పెట్టేయరా" అన్నాడంతే.

నాలుగో రోజు ఇంజనీరు గారి ఎదుట మావయ్య ఒక్కడే ఎక్కాడు. గంటులో చంకకర్ర పట్టుకున్నప్పుడల్లా టక్కుమని చప్పుడు. పైన గోడా లేదు, కప్పూ లేదు, ఉత్త అరుగు. అయినా చివర నిలబడి, ఆఫీసులోకి వచ్చినవాడిలా చొక్కా సర్దుకున్నాడు.

"ఏం మావయ్యా, పైన గాలాడుతోందా?" అన్నాను.

"ఆడుతోందిరా," అన్నాడు. ఎంతసేపటికీ దిగలేదు. రాయెత్తడానికొచ్చిన లారీ వాడు హారన్ కొడితే దిగాడు.

రాయంతా మా దగ్గర్నుంచే వెళ్లింది గానీ, మద్రాసులో ఆ ఆఫీసుని నేను ఎప్పుడూ చూడలేదు. మొన్న పింఛను కాగితం పని మీద నందిగామ ఆఫీసుకి మనవడు తీసుకెళ్లాడు. ఇప్పుడక్కడా మెట్ల పక్కన వాలుదారి కట్టారు, టైల్సు వేసి, అద్దంలా. పొద్దున్నే కడిగినట్టున్నారు, తళతళలాడుతోంది. నా చేతికర్ర ఆనిస్తే జారింది. ఎవడో అప్పటి నాలాంటి కుర్రాడు మనసు పెట్టి చేసుంటాడు, తిట్టబుద్ధి కాలేదు. రా తాతా అని మనవడు పైనుంచి పిలుస్తుంటే గోడ నీడన కూర్చుని చెప్పాను.

"లోపల గాలాడదురా, నువ్వెళ్లి ఇచ్చిరా."