కిందికి దూకని చూపు

పదిహేడేళ్లుగా నా ఉద్యోగం ఒక్కటే, జనం కళ్ళు ఎలా గెంతుతాయో కొలవడం. ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి, అందులో మెదడు జబ్బుల విభాగం, ఆ విభాగంలో కిటికీ లేని గది నాది. రోగి గడ్డాన్ని దిమ్మ మీద ఆనిస్తాను, నుదుటిని పట్టీకి తాకిస్తాను. ఎదురుగా తెర మీద ఒక చుక్క, దాని పక్కనే కంటి కదలికను పట్టే కెమెరా. "బీచ్ మే దేఖియే. బత్తీ జహా జలే, వహా దేఖియే." మధ్యలో చూడండి, దీపం ఎక్కడ వెలిగితే అక్కడ చూడండి అని. ఈ రెండు ముక్కలూ నిద్రలో కూడా అంటానట. మా ఆవిడ చెప్పింది.

మన చూపు నున్నగా జారుతూ పోతుందని అందరూ అనుకుంటారు. అదేం లేదు, గెంతులు వేస్తుంది. పక్కన ఒక దీపం వెలిగిందంటే అటు చూడాలా వద్దా అని ముందు మెదడు తేల్చుకుంటుంది. ఎంత దూరమో లెక్క కడుతుంది. అప్పుడు కంటి కండరాలకు ఒక్క తోపు. అందాకా కన్ను కదలకుండా కళ్లెం పట్టుకుని ఉండే కణాలు కొన్ని ఉంటాయి, అవి వదిలితేనే గెంతు. కుడి ఎడమలకు హుకుం ఒక చోటి నుంచి వెళ్తుంది, పైకీ కిందికీ దానికి కాస్త ఎగువన మరో చోటి నుంచి. ఇదంతా డాక్టర్లు మాట్లాడుకుంటుంటే విని నేర్చుకున్నదే. నేను చదివింది డిప్లొమా.

నాకో అలవాటు ఉంది. సోమవారం పొద్దున రోగులు రాకముందే నేనే ఆ కుర్చీలో కూర్చుని పరీక్ష చేసుకుంటాను. మిషను సరిగ్గా ఉందో లేదో తేల్చే కొలబద్ద నా కళ్ళే. "బోణీ ఆప్ కీ" అని నర్సు దీదీ నవ్వేది, బోణీ మీదే అని. ఆ తెలుగు మాట నేనే నేర్పాను. గెంతు బాగుంటే కాగితం మీద గీత గోడలా నిటారుగా పడుతుంది, మందగిస్తే వాలుతుంది. ఇన్నేళ్లూ అలాగే పడింది.

పోయిన దసరా తర్వాత కిందికి చూసే గీత వాలడం మొదలుపెట్టింది. కుడి ఎడమల గీతలు శుభ్రంగా ఉన్నాయి, ఇదొక్కటే ఏటవాలుగా దిగుతోంది. నేనేం కంగారు పడలేదు. కిందికి చూస్తే కనురెప్ప వాలుతుంది, కెమెరాకు కనుపాప సగం దాగిపోతుంది, గీత చెడుతుంది. మా పనిలో ఉన్నవాడెవడైనా మొదట తిట్టేది కెమెరానే. నేనూ తిట్టాను. దాని కోణం మార్చాను, దీపం మార్చాను, రెప్ప పైకి లాగి టేపు అంటించుకున్నాను. చివరికి నోయిడా నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను అన్నీ విప్పి, అన్నీ బిగించి, "అంకుల్ జీ, మెషీన్ ఏకదమ్ ఠీక్ హై" అన్నాడు, ఏ లోపమూ లేదట.

"ఖాక్ ఠీక్ హై!" బాగుందట, బూడిద, అని కసిరాను. పాపం, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

వచ్చే రోగులతో పోల్చి చూద్దామంటే, నా గదికి వచ్చేవాళ్లలో సగం మందికి కళ్ళు అసలే మందంగా కదులుతాయి. బాగున్న మనిషిని ఒక్కరిని కూర్చోబెడితే ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతి. ఆ ఐదు నిమిషాలు నాకు నాలుగు నెలలు దొరకలేదు. దొరకలేదని రాస్తున్నాను గానీ, భయం. కిందికి చూపు మందగించే మెదడు జబ్బు ఒకటుంది, ఆ రోగి ఇంటివాళ్లను నేను అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద ఉంటాయి. మెట్లు దిగుతూ తడబడతారా? అన్నం తింటూ ఒంటి మీద ఒలకబోసుకుంటారా? మెట్రో మెట్ల మీద ఒకే నెలలో రెండుసార్లు తూలాను, జనం తోసేశారనుకున్నాను. చొక్కా మీద పప్పు మరకలు చూసి మా ఆవిడ "మీకు మెడకో గుడ్డ కట్టాలండీ" అని ఏడిపిస్తే నేనూ నవ్వాను. అలసిపోయాను, యాభై నాలుగేళ్లు వచ్చాయి, ఈ ఢిల్లీ గాలికి కళ్ళు మండుతున్నాయి. ఇలా ఏదో ఒకటి నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మా ఆవిడ బీపీ మాత్రలు తీసుకోవడానికి ఆసుపత్రికి వచ్చింది. సరోజినీ నగర్‌లో కొన్న దుప్పటి సంచీతో నా గదిలోకి వచ్చి కూలబడింది. రోగులెవరూ లేరు. "ఒకసారి ఇక్కడ గడ్డం పెట్టు" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు.

"నాకేం రోగమండీ?"

"నీకేం లేదు. మిషను చూడాలి. కదలకు, మాట్లాడకు."

"అచ్ఛా! ముప్ఫై ఏళ్లకి నా నోరు మూయించే మిషను దొరికిందన్నమాట" అంటూనే కూర్చుంది.

కుడి, ఎడమ, పైన వరసగా దీపాలు వెలిగాయి. చివరికి కింద. గీత నిటారుగా పడింది. మళ్లీ వెలిగించాను. అదే కెమెరా, అదే కోణం. పన్నెండుసార్లు వెలిగించాను, పన్నెండుసార్లూ గోడలాగే పడింది. ఆవిడ మీద కోపం వచ్చింది. ఒక్కసారైనా తప్పు చూడొచ్చు కదా అనిపించింది. ఆ ఆలోచనకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఎలా ఉన్నాయి నా కళ్ళు?" అంది లేస్తూ.

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మరి మీ మొహం అలా అయిపోయిందేం?"

మిషను బాగుందని చెప్పాను. మా ఆవిడకు ఈ శాస్త్రం ఓనమాలు కూడా తెలియవు. ప్రింటరు లోంచి వచ్చిన కాగితం తీసుకుంది. బల్ల మీద ఉన్న మొన్నటి సోమవారం కాగితాన్ని దాని పక్కన పెట్టింది. రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"వీటిలో మీదేది?" అంది. అడిగేసరికే ఆవిడ వేలు వాలిన గీత మీద ఉంది.

"అదే" అన్నాను.