నేను విసిరిపారేసిన మండ

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, దేవుడు నన్ను సారా నుంచి విడిపించిన సంగతి మీకు తెలుసు, అది చెప్పీ చెప్పీ నాకే అరిగిపోయింది, అయితే దానికంటే చెడ్డ మత్తు ఒకటి నాకు పట్టిందనీ, అది ఎక్కడో కాదు, ఈ మందిరంలో ఈ చాపల మీదే పట్టిందనీ ఒప్పుకోడానికి ఈవేళ లేచాను. నవ్వితే నవ్వండి. నాకు పట్టింది సాక్ష్యం మత్తు!

మాది సాలూరు. అరకు లోయలో రైలు కొత్తగా కూత వేస్తున్న రోజుల్లో మలేరియా వర్కరుగా ఉద్యోగం వచ్చి ఈ హుకుంపేట కొండలెక్కాను. పాత సైకిలు ఒకటి, భుజాన ఒక సంచి, అందులో రక్తం చుక్క తీసే గాజు పలకలు, జ్వరం మాత్రలు, అవే నా సామాను. ఒక వానాకాలం సైకిలు భుజాన వేసుకుని కొండవాగు, అదే మన గెడ్డ, దాటి వెళ్ళి, ఆదివారం ఆ సంగతి చెబితే మీరంతా హల్లెలూయ అన్నారు. ఇంకేముంది! తర్వాతి వారం అంతకంటే పెద్ద వాన కావాలనిపించింది, ఆ పై వారం ఇంకా పొంగిన గెడ్డ కావాలనిపించింది, తోటి పనివాళ్ళు మబ్బు చూసి సైకిలు ఆపితే అల్పవిశ్వాసులని వెక్కిరించేవాణ్ణి, రోగుల కోసం వెళ్తున్నానని చెప్పుకునేవాణ్ణి గానీ నిజానికి ఆదివారం చెప్పుకోడానికి వెళ్ళేవాణ్ణి సహోదరులారా! నా అంత గుడ్డివాడు అప్పుడు ఈ ఏజెన్సీలోనే లేడు.

ఆ ఏడు ఆగస్టులో మూడు రోజులుగా ముసురు పట్టింది. పక్కింటి రేడియోలో వాయుగుండం అని చెప్పారు. అవతలి ఊళ్ళో జ్వరంతో పడి ఉన్నవాళ్ళు కూడా లేరు, మామూలుగా ఇల్లిల్లూ తిరిగి రావడమే, మర్నాడు వెళ్ళినా సరిపోయేది. నా భార్య రాహేలుకు ఏడో నెల. గుమ్మంలో అడ్డంగా నిలబడి, "ఏటండీ, ఇంత ముసుర్లో సైకిలు తీత్తన్నారు? రేపెల్తే ఏటయిపోద్ది?" అంది. నీకు విశ్వాసం చాలదని ఆవిణ్ణి పక్కకు జరిపి తొక్కుకుంటూ పోయాను.

మన గెడ్డ సంగతి తెలియని కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. ఇక్కడ చినుకు లేకపోయినా పైన కొండ మీద వాన కొడితే గెడ్డ ఉన్నపళంగా పొంగి దిగేస్తుంది. అందుకని ఒడ్డున కాపురముండే సోంబారు తాత, పైన మబ్బు కమ్మినప్పుడల్లా ఆకుల మండ ఒకటి కొట్టి దారికి అడ్డంగా వేసేవాడు, మండ ఉంటే ఎవరూ నీళ్ళలో కాలు పెట్టరు. ఆ మండ పక్కన ఒక కోడిగుడ్డు పెట్టి గెడ్డమ్మకు మొక్కుకునేవాడు కూడా. ఆ గుడ్డు చూసి నేను, మండకు ఆగితే గెడ్డమ్మకు మొక్కినట్టే అనుకున్నాను! ఎంత తెలివో చూడండి!

"పైన దంచేత్తంది బాబూ, దిగొద్దు," అన్నాడు తాత. నేను ఆ మండ ఎత్తి గెడ్డలోకి విసిరేశాను, నా దేవుడు ఎంత గొప్పవాడో తాతకు పెద్ద గొంతుతో చెప్పి సైకిలు భుజానికెత్తుకున్నాను. తాత కత్తి పట్టుకుని ఇంకో మండ కొట్టి తేవడానికి తుప్పల్లోకి వెళ్ళాడు.

మోకాలి లోతే ఉంది. అవతలి ఒడ్డెక్కి, సైకిలు దించి, రెండు చేతులూ ఆకాశానికెత్తి హల్లెలూయ అని అరిచి వెనక్కి తిరిగాను. రాహేలు గెడ్డలో ఉంది! నేను మరిచిపోయిన అన్నం గిన్నె పట్టుకుని నా వెనకే నడిచి వచ్చింది, చక్రాలకు బురద పట్టి నేను దారిలో రెండుసార్లు ఆగాను కాబట్టి అందుకోగలిగింది, దారిలో మండ లేదు కాబట్టి భయం లేదనుకుని దిగింది. అప్పుడే పైనుంచి ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి. గిన్నె కొట్టుకుపోయింది, ఆవిడ నడిమధ్య ఉన్న నల్లరాయిని కావలించుకుంది, నేను దూకితే నీళ్ళు నన్ను తీసుకొచ్చి మళ్ళీ ఒడ్డుకే కొట్టాయి. బురదలో మోకాళ్ళ మీద పడి ఏడిచాను. "ప్రభువా, ఈ సాక్ష్యం నాకొద్దు! ఇక నోరెత్తను, ఎవరికీ ఏమీ చెప్పుకోను, నా రాహేలును నాకిచ్చెయ్యి తండ్రీ!"

సహోదరులారా, నా దేవుడు ఆ ప్రార్థన విన్నాడు! తాజా మండ పట్టుకుని వస్తున్న సోంబారు తాత అది కింద పడేసి, తాడులాంటి అడ్డతీగ ఒకటి లాగి చెట్టుకు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని దిగాడు. ఆ ముసలి ఎముకలకు అంత బలం ఎవరిచ్చారు? రాహేలును తన వైపు ఒడ్డుకు చేర్చాడు. నీళ్ళు తీసేదాకా నేను ఇటు, ఆవిడ అటు. మధ్యాహ్నానికి గెడ్డ తగ్గాక వెళ్ళి తాత కాళ్ళు పట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. "మండ నీ ఒక్కడి కోసరం ఏత్తానేటి బాబూ? ఎనకాలొచ్చేవోళ్ళ కోసరం గదా!" అన్నాడు. ఆ మాట దేవుడే ఆ ముసలాయన నోట నాకు చెప్పించాడు.

పాప పుట్టింది, కృప అని పేరు పెట్టుకున్నాం. రెండేళ్ళు నిండాక దానికి చలిజ్వరం వచ్చింది, నా సంచిలో మాత్రలతో తగ్గలేదు, ఆసుపత్రి గెడ్డకు అవతల, దారి మీద మండ! లోపల పాత మనిషి లేచి దిగు దిగు అన్నాడు. నా బతుకులో మొదటిసారి నిలబడి తూచుకున్నాను, దిగితే ఏమవుతుంది, ఆగితే ఏమవుతుంది అని. ఆగితే జ్వరం పెరుగుతుంది, దిగితే పిల్లే దక్కదు. "ప్రభువా, దాటించమని అడగను, ఆగే బలం ఇయ్యి," అని ప్రార్థించాను. "నల్లరాయి తల కనబడితే దిగుదుము, నానూ వత్తాను," అన్నాడు తాత. రాహేలు పిల్లకు తడిగుడ్డ వేస్తూ కూర్చుంది, నేను ఆ రాయి ఉండాల్సిన చోటే చూస్తూ కూర్చున్నాను, నీళ్ళ ముందు గంటసేపు కూడా ఆగలేని నేను పొద్దు నడినెత్తి దాటేదాకా ఒడ్డున ఆగాను! నల్లరాయి తల తేలింది. తాత ముందు, మేం వెనక, దాటాం. రాహేలు ఒళ్ళో పిల్లతో క్యారేజీ మీద కూర్చుంటే బురదలో జాగ్రత్తగా తొక్కి ఆసుపత్రికి చేర్చాను. సమయానికి తెచ్చారన్నాడు డాక్టరు. అదిగో, ముందు వరసలో పక్కదాని జడ లాగుతున్న ఆ గుంటే కృప! దేవునికే మహిమ!

ఇన్నేళ్ళూ మాట ప్రకారం నోరెత్తలేదు. "ఇది మీ గొప్ప కాదు గదా, లెగండి," అని రాహేలే ఈవేళ లేపింది. సోంబారు తాతకు ఇప్పుడు చూపు ఆనదు, మండ వేసే పని నాకప్పగించాడు. నేను గుడ్డు పెట్టను, మోకరించి ప్రార్థన చేసి వేస్తాను. తాత పక్కన నిలబడి, "నీ దేవుడికి నువ్వు మొక్కు, మండ మాత్రం బేగి ఎయ్యి," అంటాడు.

ప్రియులారా, మీలో ఎవరి దారికైనా ఈ ఏడు మండ అడ్డం పడి ఉంటే విసిరెయ్యకండి. దాటించే దేవుడే ఆపుతాడు, ఆయన్ని నమ్మి ఒడ్డున కూర్చోండి, మీ నల్లరాయి తేలుతుంది. ఇక నా సాక్ష్యం. ఈ వారమంతా ముసురు పట్టింది, నేను సైకిలు తియ్యలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు, నా వెనక ఎవరూ గెడ్డలో దిగలేదు. దీనికి అనండి, గట్టిగా అనండి, హల్లెలూయ!